స్టాండులో లేని బస్సు

ఒంటిగంట మిల్లు బస్సును ఒంటిగంటకే వదలాలి. పొద్దున్న బస్టాండులో కంట్రోలర్ కుర్చీలో కూర్చుంటూ ఈశ్వరి అనుకున్నది అంతే. నెల్లిమర్ల జూట్ మిల్లు గేటు రెండింటికి మూస్తారు. ఆ తర్వాత చేరినవాళ్లకు ఆ రోజు పని లేదు, కూలీ లేదు.

కానీ ఆ రోజు ఆమె పక్కన ఇంకో కుర్చీ వేశారు. అందులో పృథ్వీరాజ్ అనే ఆఫీసరు, ఆయన ముందు కొత్త స్క్రీను. డ్రైవర్లకు ఇచ్చిన ఫోన్లను బట్టి ఏ బస్సు ఎక్కడుందో అది చూపిస్తుంది, దేన్ని ఎక్కడికి పంపాలో సలహా చెబుతుంది. సలహా కాదంటే కారణం రాసి పైఆఫీసుకు పంపాలి. ఆయనకు రాయడమంటే బద్ధకం. అందుకని స్క్రీను చెప్పకుండా ఒక్క బస్సూ కదలకూడదని హుకుం జారీ చేశాడు.

పన్నెండూ నలభైకి స్క్రీను ఎర్రబడింది. మిల్లు బస్సు ఆరు కిలోమీటర్ల అవతల, బస్సు మొహమే ఎరగని ఒక పల్లెలో, కోసేసిన వరిమడిలో ఆగిపోయిందట. స్పేర్ బస్సును పంపమంటోంది.

"సార్, మిల్లు బస్సు ఇక్కడే ఉన్నాది. కిటికీలోంచి ఓపాలి చూడండి" అంది ఈశ్వరి.

"కిటికీకి జీపీఎస్ ఉందా అమ్మా?" అని, ఆయన తల తిప్పకుండానే ఓకే నొక్కాడు.

జగన్నాధం అనే డ్రైవరు స్పేర్ బస్సు తీసుకుని వరిమడికి బయల్దేరాడు.

మిల్లు బస్సు డ్రైవరు త్రినాథ్‌ను పిలిచి అడిగితే గుట్టు బయటపడింది. అద్దం దగ్గర ఫోను ఎండకు కాలిపోతోందని తువ్వాలులో చుట్టి చద్దన్నం క్యారేజీ సంచిలో పెట్టాడు. స్టాండుకు వస్తూ, రోజూలాగే తమ ఊరి మలుపులో ఖాళీ క్యారేజీని సంచితో సహా భార్య దేముడమ్మ చేతికిచ్చాడు. ఆమె ఆ సంచి భుజాన వేసుకుని మేకల వెంట పోయింది.

ఇక బస్సు వదలొచ్చని ఈశ్వరి ఊపిరి పీల్చుకుంది. ఫోను తిరిగొచ్చేదాకా వీల్లేదన్నాడు పృథ్వీరాజ్. ఫోను లేని బస్సు స్టాండులో లేనట్టే లెక్కట. జగన్నాధం ఎలాగూ అటే వెళ్లాడు, తెస్తాడు.

జగన్నాధం వెళ్లాడు. కాలవ గట్టు మీద ముందు చక్రం బురదలో దిగబడిపోయింది. తన లెక్కలో ఒకేచోట రెండు బస్సులు ఆగి ఉండేసరికి, అక్కడ జనం విపరీతంగా ఉన్నారని తేల్చుకున్న స్క్రీను ఇంకో బస్సు పంపమంది. పృథ్వీరాజ్ కారణం రాసే గడి వైపు ఒకసారి చూసి, ఓకే నొక్కాడు. ఆ బస్సు వెళ్లి జగన్నాధం బస్సు వెనక చేరి, తిప్పుకునే చోటు లేక అక్కడే ఉండిపోయింది.

ఒంటిగంటా పది అయింది. మిల్లువాళ్లు నలభై మంది గది గుమ్మం మీదికి వచ్చేశారు. అందరికంటే ముందు ఏసమ్మ. ఇరవై ఏళ్లుగా ఆ బస్సే ఎక్కుతున్న మనిషి.

"బాబూ, నానెక్కిన బస్సు లేదంటన్నావట. మరి ఇందాకట్నుంచి నానెక్కడ కూకున్నానో సెప్పు."

"సిస్టంలో లేదు."

"మీ సిస్టం వచ్చి నా కూలి ఇస్తాదేటి?"

ఆయన తల ఎత్తలేదు. అది చూసి ఈశ్వరికి ఒళ్లు మండింది. పదకొండేళ్లలో ఆ గదిలో ఆమె గొంతు పెంచింది లేదు. ఇప్పుడూ పెంచలేదు. సొరుగులోంచి పాత లాగ్‌షీటు తీసి, టైము వేసి, కాగితం చిరిగేలా సంతకం పెట్టింది. బయటికి నడిచి త్రినాథ్ వైపు విజిల్ ఊదింది.

"పోనీ తమ్ముడూ. దారిలో ఎక్కడా ఆపకు. ఈయన సంగతి నాను సూసుకుంతాను."

ఒంటిగంటా యాభై ఎనిమిదికి బస్సు మిల్లు గేటు ముందు ఆగింది. నలభై మందీ లోపలికి పోయారు.

మర్నాడు ఈశ్వరికి మెమో వచ్చింది. స్టాండులో లేని బస్సును ఎందుకు పంపారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆమె నిలబడినచోటే ఒక్క వాక్యం రాసిచ్చింది: "స్టాండులో లేని బస్సును పంపడం ఎవరివల్లా కాదు కాబట్టి నేను పంపలేదు." పైఆఫీసువాళ్లు సిస్టంలో సరిచూసుకున్నారు. ఆమె చెప్పింది నిజమే. మెమో రద్దయింది.

తమ పల్లెకు బస్సు వేయమని దేముడమ్మ ఊరివాళ్లు ఎనిమిదేళ్లుగా అర్జీలు పెడుతుంటే, ఎక్కేవాళ్లు లేరని తిప్పిపంపేది ఇదే ఆఫీసు. మూడు బస్సులకు సరిపడా జనం ఉన్నారని ఇప్పుడు సిస్టమే చెప్పడంతో వారం తిరక్కుండా వచ్చి ఆ వరిమడి గట్టున స్టాపు బోర్డు పాతారు.

బస్సు ఇంకా రాలేదు గానీ, మేకలు మాత్రం టైముకి వచ్చి నిలబడుతున్నాయి.