బూట్లు విప్పించిన ప్రార్థన

ఆ రోజు పెద్దాయన పథకం చాలా చిన్నది. పిల్లల చేత ప్రార్థన చేయించాలి, పాలు తాగించాలి. టీచరమ్మ వాళ్ళకి పాటలు మొదలుపెట్టగానే వెనక తలుపు తీసుకుని సమాధుల తోటలోకి పోయి, భార్యతో నిన్న సగంలో ఆగిన తగువు పూర్తి చేయాలి.

కూతురికి పురుడు పోయడానికి ఇద్దరూ కలిసి ఈ పరాయి దేశం వచ్చారు. పురుడు సవ్యంగానే జరిగింది. భార్యే మిగల్లేదు. తెలుగువాళ్ళ చర్చి వెనక ఆవిడకి ఆరడుగుల చోటు దొరికింది. ఆయనకి కూతురింట్లో సోఫా దొరికింది. తోట గేటు ఆదివారం మాత్రమే తెరుస్తారు. మిగతా రోజుల్లో లోపలికి పోవాలంటే చర్చివాళ్ళ పిల్లల కేంద్రంలో వాలంటీరుగా ఉండాలి. వాళ్ళ కార్డు పెడితేనే వెనక తలుపు తెరుచుకుంటుంది. అందుకని పిల్లల పొడ గిట్టని మనిషి నాలుగేళ్ళ పిడుగుల మధ్య కూర్చుని ముక్కులు తుడుస్తున్నాడు. ప్రేమ కొద్దీ చేస్తున్నాడని అందరూ అనుకున్నారు. ఆయన కాదనలేదు.

బతికుండగా ఆవిడతో ఒక్క తగువులోనూ గెలవలేదు. ఇప్పుడు ఎంత తిట్టినా జవాబు రాదు. అయినా గెలిచినట్టు ఉండదు.

తీరా వెళ్ళేసరికి టీచరమ్మకి జ్వరమట. పాస్టరుగారి భార్య, అందరికీ పాస్టరమ్మ, గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"బాబాయిగారూ, ఇవాళ్టికి పిల్లలు మీ చేతుల్లోనే. జాగ్రత్త సుమా! ఏదైనా తేడా వస్తే కమిటీ ఊరుకోదు. కార్డు లాగేసుకుంటారు."

"నా ప్రాణం పోయినా తేడా రానివ్వనమ్మా," అన్నాడు పెద్దాయన. ప్రాణం మీద ఆయనకి అంత ఆశేం లేదు గానీ, కార్డు మీద ఉంది.

బయట జోరువాన. పిల్లలు బురద బూట్లతోనే ప్రార్థన గదిలోకి దూసుకొచ్చారు. పెద్దాయన ఒళ్ళు మండింది. ఆయన పుట్టిన ఊళ్ళో చెప్పులతో గుడిసె చర్చిలోకి అడుగుపెడితే పెద్దలు వీపు చిట్లగొట్టేవాళ్ళు.

"దేవుడి ముందుకొచ్చే తీరు ఇదేనా? విప్పండి, అందరూ విప్పండి!"

పిల్లలు హడలిపోయి విప్పారు. ఆ బూట్లన్నీ ఒక ఖాళీ డబ్బాలో వేసి, గది తడవకుండా వరండాలోకి నెట్టాడు. పేదలకని జనం ఇచ్చే పాత బట్టల డబ్బాలూ అక్కడే ఉంటాయి. ఆ సంగతి ఆయనకి తెలుసు. గుర్తు రాలేదంతే.

పిల్లల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడో లేదో, వరండాలోంచి ఆ బట్టలు తీసుకుపోయే వ్యాను డ్రైవరు కేకేశాడు.

"పెద్దాయనా, ఈ డబ్బాలన్నీ తీసుకుపోవడమేనా?"

"ఉన్నవన్నీ పట్టుకుపో నాయనా! దానికీ నన్నడగాలా?"

ప్రార్థన ముగిసే వేళకి ముందుపళ్ళు ఊడిన ఒక పిల్ల లేచి నిలబడింది. "తాతయ్యా, ఒంటేలు. నా బూట్లేవీ?"

"వరండాలో ఉన్నాయి, పో."

"లేవు. కిటికీలోంచి చూశా. వ్యాను అంకుల్ తీసుకుపోయాడు. నువ్వేగా పట్టుకుపొమ్మన్నావు?"

పెద్దాయన వరండాలోకి పరుగెత్తాడు. వాన తప్ప ఏమీ లేదు. నిండా మునిగినవాడికి చలేమిటని తిరిగొచ్చి, ఆ పిల్లని చంకనేసుకుని బాత్రూముకి తీసుకుపోయి తెచ్చి, మళ్ళీ అందరి చేతా చేతులు జోడింపజేశాడు.

"ఇంకోసారి ప్రార్థన చేద్దాం."

"దేనికి తాతయ్యా?"

"నా కోసం."

పాస్టరమ్మ వచ్చేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. ఆ గది అలా ఉండటం ఆవిడ ఎన్నడూ చూడలేదు. చిన్నచిన్న వట్టి పాదాలు, మూసిన కళ్ళు. ఆవిడ పళ్ళూడిన పిల్ల పక్కన వంగింది. "బూట్లేవమ్మా?" అని మెల్లగా అడిగింది.

"పేదపిల్లలకి వెళ్ళాయి," అంది పళ్ళూడిన పిల్ల. "తాతయ్యే పంపించాడు."

పాస్టరమ్మ గోడ పట్టుకుని ఏడ్చింది. "మోషే చేత దేవుడు చెప్పులు విప్పించినట్టు బూట్లు విప్పించారు. విప్పినవి బీదలకి ఇప్పించారు!"

తల్లిదండ్రులు వచ్చేదాకా ఆ ఏడుపు ఆగలేదు. వచ్చాక వాళ్ళకీ అంటుకుంది. టై కట్టుకున్న ఒక తండ్రి మాత్రం, "నిన్న కొన్నవే, అవి!" అని గొణిగాడు. భార్య మోచేత్తో పొడిచింది. అంతలో వ్యాను తిరిగొచ్చింది.

"బూట్లకి బురద ఇంకా తడిగానే ఉందమ్మగారూ," అన్నాడు డ్రైవరు డబ్బా దించుతూ. "పొరపాటున వచ్చాయేమో."

టై కట్టుకున్న తండ్రి చెయ్యి చాచాడు.

"దేవుడి పేర ఇచ్చింది వెనక్కి తీసుకుంటారా ఎవరైనా?" అంది పాస్టరమ్మ. "పట్టుకుపో బాబూ."

అందరూ చూస్తున్నారు. ఆ చెయ్యి అలాగే పైకి పోయి టై సర్దుకుంది.

పళ్ళూడిన పిల్ల చలికి ఒక పాదంతో రెండో పాదం రుద్దుకుంటోంది. పెద్దాయన అది చూశాడు. నోరు మూసుకుంటే కార్డు ఉంటుంది. తెరిస్తే పోతుంది. భార్యే ఉంటే చెవి మెలిపెట్టి చెప్పించేది. చచ్చి కూడా గెలుస్తోందని పళ్ళు నూరుకున్నాడు.

"అమ్మా, దానం లేదు, పాడూ లేదు. బురదని విప్పించాను. చూసుకోకుండా వ్యానెక్కించాను. తప్పు నాది. ఇదిగో కార్డు."



"చూశారా!" అంది పాస్టరమ్మ కళ్ళొత్తుకుంటూ. "కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియనివ్వరు! తప్పని చెప్పుకుని దాచుకుంటున్నారు! అలాంటి మనిషి కార్డు నేను తీసుకుంటానా బాబాయిగారూ?"

"నిజమే చెబుతున్నానమ్మా!"

"మీరు అలాగే అంటారు."

డబ్బా మళ్ళీ వ్యానెక్కింది. తండ్రులు పిల్లల్ని భుజాల మీద మోసుకుంటూ వానలోకి పోయారు.

మర్నాడు కమిటీ కూర్చుంది. పిల్లల విభాగానికి పెద్దాయనే ఇకపై పెద్ద. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆయనే. పిల్లలు రోజూ వట్టి కాళ్ళతోనే ప్రార్థన చేయాలి. ఈ మాట చెప్పి పాస్టరమ్మ ఆయన మెళ్ళో దండ వేసింది.

"ఇంకొక్కటి బాబాయిగారూ. వట్టి కాళ్ళ పిల్లలు వెనక తోటలోకి పరుగెడితే ముళ్ళు గుచ్చుకుంటాయి కదా. అందుకని ఆ తలుపుకి తాళం వేయించాం. ఇక ఎవరి కార్డుకీ తెరుచుకోదు. ఆదివారం ఎటూ గేటు తీస్తారుగా!"

పెద్దాయన దండ మెళ్ళో ఉండగానే కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. అక్కడినుంచి తోట గోడ కనిపిస్తుంది. గోడే కనిపిస్తుంది.

లోకమంతా సృష్టించి అలిసిపోయిన దేవుడికి దొరికింది ఒక్క రోజు విశ్రాంతి. పెద్దాయన భార్యకి వారానికి ఆరు దొరికాయి.