నాలుగు వేళ్ళ గోడ

ఆ ఊరి పురపాలక కార్యాలయం సగర్వంగా తెలియజేస్తున్నదేమంటే, గత ఏడాది ఊళ్ళో ఒక్క ఇల్లు కూడా అనుమతి లేకుండా బాగుపడలేదు. అనుమతితో బాగుపడిన ఇళ్ళ సంఖ్య కూడా అంతే కాబట్టి, లెక్కలో ఎక్కడా తేడా రాలేదు.

ఇంత కట్టుదిట్టంగా నడిచే ఊళ్ళో, ఒక సందులో, కుట్టుమిషను చప్పుడు వినపడే ఇంట్లో ఒక అత్తగారు తుంటి ఎముక విరగ్గొట్టుకుని చక్రాల కుర్చీకి అంకితమయ్యారు. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సు కండక్టరు. "లోపలికి జరగండి, ఇంకా లోపలికి జరగండి" అని జనాన్ని అదిలించి అదిలించి రిటైరయ్యారు. ఇప్పుడు ఆవిడే లోపల ఉండిపోయారు. గది గుమ్మం కంటే కుర్చీ నాలుగు వేళ్ళు వెడల్పు. ఖాళీ కుర్చీని మడిచి గదిలోకి తెచ్చారు గానీ, మనిషి కూర్చున్న కుర్చీని మడవడం ఎలాగో దాన్ని అమ్మినవాడు చెప్పలేదు. కొడుకు ఒకసారి తల్లిని అమాంతం ఎత్తుకుని వరండాలోకి తేబోయాడు. అతని నడుం పట్టేసింది. దాంతో ఇంట్లో రోగులు ఇద్దరయ్యారు.

వరండాలో కూర్చుంటే వీధంతా కనపడుతుంది. గదిలో కూర్చుంటే బీరువా కనపడుతుంది. జీవితమంతా ఎవరు ఎక్కారో ఎవరు దిగారో చూస్తూ గడిపిన మనిషికి బీరువా ఏం సరిపోతుంది? ఆవిడకి తిండి సయించడం మానేసింది.

"అమ్మాయ్, బయటెవరో నవ్వారు. ఎవరు?" అని గదిలోంచి అడిగేవారు.

"చూళ్ళేదు అత్తయ్యా," అనేది మిషను తొక్కుతున్న కోడలు.

"వీధిలోకి మొహం పెట్టుక్కూర్చుని చూళ్ళేదంటావేం? నిన్ను బస్సెక్కిస్తే నీ స్టాపు కూడా దాటించేస్తావు."

కొన్నాళ్ళకి ఆవిడ అడగడం కూడా మానేశారు. కోడలికి భయం వేసింది అప్పుడే. అత్తగారు తిట్టినంతకాలం ఫరవాలేదు, తిట్టడం మానేస్తే మనిషి మనిషిలో లేనట్టే.

కోడలు కుట్టుపని తెలిసిన మనిషి. బిగుతైన చొక్కా వస్తే పక్క కుట్టు విప్పి వదులు చేసి ఇవ్వడం ఆమెకి చిటికెలో పని. గోడ కూడా అంతేగా అనుకుంది. అలా అనుకోవడం నేరం కాదు గానీ, నేరానికి చాలా దగ్గర్లోనే ఉంటుంది. తాపీమేస్త్రీ ఆ మాట వినగానే చెవులు మూసుకున్నాడు. కాగితం లేకుండా సుత్తి పైకెత్తితే, అది కిందికి దిగేలోపు నోటీసు వస్తుందన్నాడు.

కోడలు కార్యాలయానికి వెళ్ళింది. అనుమతుల కిటికీ ముందు వరుస మెట్లు దిగి, ప్రహరీ దాటి, వీధి చివరి టీకొట్టు దాకా పాకింది. టీకొట్టువాడు ఆ వరుసలో నిలబడి నిలబడి వయసుకొచ్చి, అందులోనే ఓపిక అలవాటు చేసుకుని, చివరికి అక్కడే కొట్టు పెట్టుకున్నాడని చెప్పుకుంటారు. మొత్తానికి ఆమె వంతు వచ్చింది. అనుమతుల అధికారి చాలా మర్యాదస్తుడు. ఆమె ఇంటి ప్లాను తీయించి, దుమ్ము దులిపించి, బల్ల మీద పరిపించి, కళ్ళజోడు తుడుచుకుని చూశాడు.

"చూడండమ్మా, ప్లానులో ఈ గదికి గుమ్మమే లేదు. లేని గుమ్మాన్ని వెడల్పు చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు."

"మరి మా అత్తగారు ఆ గదిలోంచి బయటికి ఎలా రావాలండీ?"

"ప్లాను ప్రకారం రాకూడదు," అన్నాడాయన సంతోషంగా. "ఊళ్ళో ఇంతమంది ఉన్నారు, ప్లానుకి కట్టుబడి నివసిస్తున్నది మీ అత్తగారు ఒక్కరే. నా అభినందనలు చెప్పండి."

అయినా మానవత్వం ఉన్న కార్యాలయం కాబట్టి ఒక దారి చూపించాడు. గుమ్మం వెడల్పయితే అందులోంచి వచ్చే చూపు కూడా వెడల్పవుతుంది. ఆ చూపు ఎవరెవరి ఇళ్ళ మీద పడుతుందో వాళ్ళంతా "మాకు అభ్యంతరం లేదు" అని సంతకం చేస్తే, లేని గుమ్మం ఉన్నట్టుగా భావించే విషయం పరిశీలిస్తారట.

కోడలు కాగితం పట్టుకుని వీధిలో బయల్దేరింది. పక్కింటి పిన్నిగారు ఆమెని కూర్చోబెట్టి, అత్తగారి కోసం కంటతడి కూడా పెట్టుకుంది. సంతకం దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు కనపడలేదు. చదవకుండా సంతకం పెట్టకూడదని వాళ్ళ నాన్న చనిపోతూ చెప్పాడట. ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టారు గడప మీదే నిలబడి ప్రసంగించారు.

"సంతకమంటే ఏమిటమ్మా? మనిషి శీలానికి ముద్ర. నేను ఎన్నో ఏళ్ళు ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు చేశాను. ఒక్కటీ తేలిగ్గా చెయ్యలేదు. ఈరోజు నీ గుమ్మానికి అభ్యంతరం లేదంటాను. రేపు ఇంకొకరు తలుపే లేదంటారు. సమాజం ఎటు పోతుంది?"

సమాజం ఎటూ పోదని, తన అత్తగారు వరండాలోకి మాత్రం వెళ్తారని కోడలు చెప్పబోయింది. అప్పటికి మాస్టారు లోపలికి వెళ్ళిపోయారు. సందు మలుపులో పచ్చగేటాయన మాత్రం మంచి మనసుతో తప్పకుండా పెడతానన్నాడు, కాకపోతే రెండో సంతకం. మొదటిది ఎవరైనా పెడితే చాలన్నాడు. ఆయన తర్వాత ఇళ్ళవాళ్ళదీ అదే మంచి మనసు. ఆ వీధిలో రెండో సంతకానికి ఉన్నంత పోటీ ఎక్కడా ఉండదు.

ఖాళీ కాగితంతో కోడలు మళ్ళీ కార్యాలయానికి వచ్చింది. వరుసని చూడగానే కాళ్ళు పీకాయి. పక్కనే ఫిర్యాదుల కిటికీ ఉంది. అక్కడ కుర్చీలు, ఫ్యాను, మంచినీళ్ళ కూజా. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పని ముగించుకుని, మొహాలు వెలిగిపోతూ వెళ్తున్నారు. ఆమె ఫ్యాను కింద కూలబడింది.

"ఎవరి మీదమ్మా?" అన్నాడు గుమాస్తా, పెన్ను సిద్ధం చేసుకుని.

"ఎవరి మీదా లేదండీ. కాస్త కూర్చుందామని."

"అలా అనకండి. ఎవరో ఒకరు ఉండకపోరు. తొందరేం లేదు, నిదానంగా గుర్తు తెచ్చుకోండి."

అంత ఆప్యాయంగా అడిగిన మనిషి ఈ మధ్య ఎవరూ లేరు. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. "ఉంటే మా గోడ మీదేనండీ. గుమ్మం పక్కన నాలుగు వేళ్ళ గోడ," అని మొత్తం చెప్పేసింది. గుమాస్తా వింటూ వింటూ నిటారుగా కూర్చున్నాడు. ప్లానులో గుమ్మమే లేనప్పుడు గుమ్మం పక్కన గోడ ఎక్కడినుంచి వచ్చిందన్నాడు. అది ముమ్మాటికీ అక్రమ కట్టడమన్నాడు. కూల్చివేతల విభాగానికి అనుమతులతో పనిలేదు, ఫిర్యాదు అందిన మర్నాడే వస్తారు, మనుషులూ సుత్తులూ వాళ్ళవే. కాకపోతే ఎవరి గోడ మీద వాళ్ళే ఫిర్యాదు చేసుకోవడం మర్యాద కాదు, ఇరుగుపొరుగు చెయ్యాలి.

కోడలు ఇంటికొచ్చి తలపట్టుకుంది. మంచికే పెట్టనివాళ్ళు చెడ్డకి ఎందుకు పెడతారు? గదిలోంచి అత్తగారి గొంతు చాలా రోజుల తర్వాత లేచింది.

"వెళ్ళి అడుగు. ముందు సీటు ఖాళీ ఉందంటే ఎవరు లేవరో చూస్తాను."

పిన్నిగారు వాకిట్లోనే కనపడింది. "పిన్నీ, నా మీద ఫిర్యాదు ఒకటి ఉంది, సంతకం కావాలి," అంది కోడలు తల దించుకుని.

"ఎక్కడ పెట్టాలే?" అంది పిన్నిగారు, కాగితం అప్పటికే చేతిలోకి తీసుకుని. పెట్టాక అడిగింది, "ఇంతకీ ఏం చేశావు?"

కళ్ళజోడు అవసరం పడలేదు. ఎదురింటి మాస్టారు మూడు చోట్ల సంతకం చేసి, అక్షరదోషాలు దిద్ది, నీతి గురించి అడుగున ఒక పేరా సొంతంగా చేర్చారు. పచ్చగేటాయన తనకంటే ముందు ఇద్దరు పెట్టారని నొచ్చుకుని, వాళ్ళ పైన ఇరుకులో తన పేరు ఇరికించాడు. కాగితం ఇల్లిల్లూ తిరిగి వచ్చేసరికి అందులో మిషను చప్పుడు, అత్తగారి గొంతు, కొడుకు దగ్గు, ఎప్పుడో ఇచ్చి మర్చిపోయిన గిన్నె, అన్నీ చేరాయి. పక్క వీధివాళ్ళు కూడా కబురు విని వచ్చి సంతకం పెట్టి వెళ్ళారు. వాళ్ళకి కోడలు ఎవరో తెలియదు. అదేం అడ్డు కాలేదు.

ఆ రాత్రి కోడలు ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. తన మీద ఇంత ఉందని తనకి తెలియదు. అత్తగారు మాత్రం చదివించుకుని విని, "నా గొంతు గురించి రాసింది ఎవరు? బాగా రాశారు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే కూల్చివేతల దళం దిగింది. దళపతి వరండాలో నిలబడి, అక్రమాల విషయంలో ప్రభుత్వం ఉక్కుపాదమని, ఆ పాదానికి బంధుత్వాలు లేవని ప్రకటించాడు. కోడలు కుట్టుసుద్దతో గోడ మీద గీత గీసి, ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా అక్రమమండీ అని చూపించింది. ఇన్నేళ్ళ సర్వీసులో గీత గీసి ఇచ్చిన అక్రమదారు లేదని దళపతి కదిలిపోయాడు. అయితే ఒక ఇబ్బంది వచ్చింది. ఫోటోలో ఇంటివాళ్ళు అడ్డుపడుతున్నట్టు లేకపోతే పై అధికారులు నమ్మరు. కొంచెం ప్రతిఘటించమని ఆయన వినయంగా కోరాడు. అత్తగారు కుర్చీలోంచే చేతులెత్తి అందుకున్నారు.

"ఆపండి. నా ప్రాణం పోయినా ఆ గోడ మీద చెయ్యి వెయ్యనివ్వను. నేనెవరో తెలుసా మీకు? ఏయ్ బాబూ, సుద్ద గీత దాకా కొట్టు, అక్కడ సగంలో వదిలేశావు."

గోడ కూలింది. గీతకి అటూ ఇటూ వెంట్రుకవాసి పోలేదు. రాళ్ళూ మట్టీ సాక్ష్యం కాబట్టి ఊడ్చి మరీ పట్టుకెళ్ళారు, పాత ద్వారబంధంతో సహా. తలుపు లేని చోట కోడలు పూల పరదా కుట్టి కట్టింది. కుర్చీ పరదాని నెట్టుకుంటూ వరండాలోకి వచ్చింది. అత్తగారు వీధిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, ఆ పూట రెండోసారి వడ్డించమన్నారు.

ఇలాంటివి వీధిలో దాగవు. వారం తిరక్కుండా మాస్టారు దొడ్డిదారిన వచ్చి, తమ స్నానాలగదికి కిటికీ లేక ఆవిరి పట్టేస్తోందని, తన మీద కాస్త ఘాటుగా ఒక ఫిర్యాదు రాయమని కోడల్ని బతిమాలారు. భాష తాను దిద్దుకుంటానన్నారు. పిన్నిగారికి వంటింటి అరుగు అడ్డం. పచ్చగేటాయనకి గేటే అడ్డం. వీధిలో అందరూ అందరి మీదా రాసుకున్నారు. తన మీద ఎవరి ఫిర్యాదూ లేని ఒక పెద్దాయన, తనని మనిషిగా లెక్కచెయ్యడం లేదని మంచం పట్టాడు. నలుగురూ కలిసి ఆయన చూరు మీద నాలుగు మాటలు రాసి పంపాక లేచి కూర్చున్నాడు. కూల్చివేతల విభాగానికి ఉత్తమ సేవా షీల్డు వచ్చింది. ఎవరూ అడగడానికి రాకపోవడంతో అనుమతుల విభాగానికి పెండింగు లేని విభాగంగా ఇంకో షీల్డు వచ్చింది. టీకొట్టువాడు మాత్రం నష్టపోయాడు.

అంతా హాయిగా సాగుతుండగా కోడలికి నోటీసు వచ్చింది. అక్రమ గోడ తొలగించిన చోట ప్లానులో లేని ఖాళీ ఒకటి ఏర్పడిందనీ, వీధివాసుల అభ్యంతరం లేదన్న సంతకాలు గడువులోగా అందకపోతే ఆ ఖాళీని పూర్తిగా, అంటే గుమ్మంతో సహా, ప్లాను ప్రకారం గోడ కట్టి మూసేస్తామనీ అందులో ఉంది. ఈసారి అత్తగారు లోపల ఉంటారా బయట ఉంటారా అన్నది ఆవిడ ఇష్టానికే వదిలారు.

కోడలు ధైర్యంగానే బయల్దేరింది. అందరికీ తను రాసిపెట్టింది కదా. పిన్నిగారు కొత్తగా విశాలమైన వంటింట్లో కూర్చోబెట్టి కంటతడి పెట్టుకుంది. కళ్ళజోడు కనపడలేదు. అది ఆవిడ నెత్తి మీదే ఉంది. మాస్టారు కొత్త కిటికీలోంచి శీలం గురించి చెప్పారు. పచ్చగేటాయన, ఇప్పుడు గేటు లేదు గానీ పేరు పోలేదు, రెండో సంతకానికి ఎప్పుడైనా సిద్ధమన్నాడు.

కోడలు తిరిగొచ్చి గడప లేని గుమ్మంలో చతికిలబడింది. అత్తగారు వరండాలోంచి చూస్తూనే ఉన్నారు.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మాయ్ నీకు? జనం ఎక్కాలంటే బోర్డు మార్చాలి."

కోడలు ఇంకో కాగితం తీసి రాసింది. ఈ ఇంటావిడ గుమ్మం వెడల్పు చేసుకున్నదనీ, ముసలావిడ వరండాలో హాయిగా కూర్చుంటున్నదనీ, దీనిమీద వీధివాసులకి తీవ్రమైన అభ్యంతరం ఉన్నదనీ. కాగితం వెళ్ళినంత వేగంగా నిండి తిరిగొచ్చింది. మాస్టారు "తీవ్రమైన" అన్న మాట కింద గీత గీశారు.

అనుమతుల గుమాస్తా సంతకాలు లెక్కపెట్టాడు. సరిపోయాయి, పైగా మిగిలాయి. ముద్ర వేశాడు.

"చదవరాండీ?" అంది కోడలు, ఆగలేక.

"చదవడం వేరే సెక్షనమ్మా," అన్నాడు గుమాస్తా. "పక్క గది. దానికి ప్లానులో గుమ్మం లేదు."

ఇప్పుడు ఆ గుమ్మం పూర్తిగా సక్రమం. సాయంత్రాలు అత్తగారు వరండాలో కూర్చుంటే, వీధిలో వెళ్ళే ప్రతివాళ్ళూ ఆగి, ఎలా ఉన్నారని, మందులు వేసుకుంటున్నారా అని అడిగి వెళ్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పిన్నిగారు అత్తగారికని పాత దిండు కూడా పంపింది. ఎక్కడ చూసినా కనపడే మామూలు మంచి మనుషులు. మీ వీధిలోనూ ఉంటారు, మీ ఇంట్లోనూ ఉంటారు.

కోడలు ఆ తీవ్రమైన అభ్యంతరం కాగితానికి నకలు ఒకటి తీసి మిషను సొరుగులో దాచింది. పైన విషయం రాయలేదు, ఎవరికి ఏ మంచి పని అవసరమైతే అది రాసుకోవచ్చని. అడుగున సంతకానికి ఇంకా చోటుంది. మీరెలాగూ జేబు తడుముకుంటున్నారు కాబట్టి, పెన్ను ఉందా అని అడగడం లేదు.