మస్తానమ్మ మూర

సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే ఏ ప్రాణి అయినా ఒడ్డెక్కిన మరుక్షణం దరఖాస్తుదారు అవుతుంది. ఈ సత్యం తెలియని ఒక తాబేలు మాఘమాసంలో విడవలూరు మండలం తీరానికి వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, నూట పన్నెండు గుడ్లు పెట్టి, ఏ ఫారమూ నింపకుండానే వెళ్లిపోయింది. (చదువు లేకపోతే వచ్చే అనర్థాలివి.)

ఆ గుడ్లకు కాపలా మస్తానమ్మది. చేపలమ్ముకునే మనిషి. తాబేలు కనబడితే దేవుడి అవతారమని చెప్పులు విప్పి దండం పెడుతుంది. గుంట పక్కన చిరిగిన వలముక్క కట్టిన కర్ర పాతి, కుక్కల్ని తరుముతుంది. ఈ ఏడు చిక్కు కుక్కలతో రాలేదు. సముద్రమే రోజుకో అడుగు ముందుకొస్తోంది. ఫాల్గుణ పౌర్ణమి పోటుకు గుంట మునగడం ఖాయం. గుడ్లను మెరక మీదికి మార్చేందుకు అనుమతి కోరుతూ ఆమె ‘కూర్మమిత్ర’ యాప్‌లో అర్జీ పెట్టించింది. ‘గుంట లోతు’ అన్న గడిలో ఉన్నమాటే రాయించింది: మూర.

తీర అండ సంరక్షణ ఉపకార్యాలయ సహాయ పర్యవేక్షకులు ఆనందబాబు గారు ఈ జవాబును నిశితంగా పరిశీలించారు.

“ఎవరి మూరమ్మా?”

“నాదే సారూ. ఇంకెవురి చేత్తో కొలస్తాను?”

“నీ మూరెంతో ఆఫీసుకు ఎట్టా తెలుస్తుంది?”

“ఇదిగో చెయ్యి. కొలుచుకోండి.”

“నేను కొలిస్తే చెల్లదు.”

“పోనీ, టేపుతో కొలిచి సెంటీమీటర్లు రాయించేదా?”

“నింపిన గడి మార్చాలంటే దరఖాస్తుదారు వేలిముద్ర కావాలమ్మా. దరఖాస్తుదారు తాబేలు.”

కనుక చేతి పొడవు ధ్రువీకరణ పత్రం ఒక్కటే దారి. రెండు ఫొటోలు, ఇద్దరు సాక్షులు. సాక్షులుగా వచ్చిన చెంచయ్య మూర ఒకటి, ఆదెయ్య మూర ఇంకొకటి కావడంతో వ్యవహారం నెల్లూరు దాకా వెళ్లింది. జిల్లా సగటు మూర ఇంకా ఖరారు కాలేదని, కమిటీ వేశామని అక్కడినుంచి జవాబొచ్చింది. (ఈ సంగతి సముద్రానికి తెలియపరిచినట్టు రికార్డుల్లో లేదు.)

పౌర్ణమి రానే వచ్చింది.

“మీ కమిటీ మండ! ఈడ బిడ్డలు చస్తంటే చేతులు కొలస్తారంట!” అని మస్తానమ్మ చేపల తట్టలో తడి ఇసుక పరిచి, గుడ్లను ఒక్కొక్కటే ఎత్తి పేర్చింది. గుడ్డు తిరగబడితే లోపలి పిల్ల బతకదని, ఎత్తినది ఎత్తినట్టే దించింది. మెరక మీద మూర లోతు తవ్వి పూడ్చింది. తెల్లారేసరికి పాత గుంటా లేదు, కర్రా లేదు.

మూడు వారాలకు తొంభై ఏడు పిల్లలు ఇసుక తోసుకుని బయటికొచ్చాయి. అవి నీళ్ల దాకా పాకుతుంటే మస్తానమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

“పోండి తల్లీ, పోండి. మళ్లీ ఈ ఒడ్డుకు మాత్రం రాబాకండి.”

ఉపకార్యాలయం నివేదిక మొన్న వచ్చింది. అనుమతి ఇవ్వలేదు కనుక గుడ్లు కదిలే అవకాశం లేదు. కదలలేదు కనుక పౌర్ణమి పోటుకు నూట పన్నెండూ సముద్రానికి చేరాయి. లక్ష్యం నూటికి నూరు శాతం నెరవేరింది. ఆనందబాబు గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

అదే సంతకంతో మస్తానమ్మకు నోటీసు ఇచ్చారు. సముద్రానికే వదిలేసి ఉంటే నూట పన్నెండూ చేరేవనీ, ఆమె చెయ్యి పెట్టినందువల్ల పదిహేను తగ్గాయనీ, వారం లోపల సంజాయిషీ ఇవ్వాలనీ అందులో ఉంది.