మా ఆవిడ కొట్టుకి నేను పెట్టిన బటన్

నవ్వనంటేనే చెబుతాను. మా ఆవిడ బట్టలు కుడుతుంది. ఇంటి ముందుగదే కొట్టు, మిషనేమో అద్దెది. గిరాకీ పడిపోయి, ఈ నెలా ఇంతే అయితే మిషన్ ఇచ్చేస్తానంది. వెబ్‌సైట్లు చేసి బతికేవాణ్ణి, ఊరుకుంటానా? "ఆర్డర్ ఇవ్వండి" అని ఎర్ర బటన్‌తో సైట్ చేసిపెట్టాను. నా కంప్యూటర్లో నొక్కితే భేషుగ్గా పనిచేసింది.

ఒక్క ఆర్డరూ రాలేదు.

"నా కుట్టు ఎవరికీ నచ్చట్లేదండీ" అంటూ మా ఆవిడ తిండి మానేసింది. చూడలేక దొంగ పేర్లతో నేనే మూడు ఆర్డర్లు పెట్టాను. కొలతల దగ్గర మాత్రం చెయ్యి అలవాటు కొద్దీ, సైట్లు పరీక్షించేటప్పుడు వేసే ఉత్తుత్తి అంకెలే కొట్టింది.

"ఏవండీ, ఈవిడ ఛాతీ పది, నడుము ఇరవై, పొడవు ముప్పై అట. మనిషా, గరాటా?"

"పాపం, అలా పుట్టిందేమో. కుట్టెయ్."

"ముగ్గురూ అలాగే పుట్టారా?"

ఇంతలో వదినగారు, అంటే మా ఆవిడ అక్క, ఫోన్ చేసింది. "మరిదిగారూ, మీ బటన్ ఎంత నొక్కినా ఉలకదు పలకదు. మా వీధిలో ఎవరికీ పనిచెయ్యలేదు."

నేను రాసిన కొత్తరకం జావాస్క్రిప్ట్, అదే బటన్‌ని పనిచేయించే కోడ్, పాత ఫోన్లలోని బ్రౌజర్లకు అంతుపట్టలేదు. ఒక్క లైను తెలియకపోతే అవి మొత్తం ప్రోగ్రామునే వదిలేస్తాయి, ఎంత నొక్కినా కిక్కురుమనవు. జనం వచ్చారు, నొక్కారు, పోయారు. తప్పు ఆవిడ కుట్టులో లేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. బాగుచేసి, ఆర్డరొచ్చాక చెబుదామనుకున్నాను.

ఆఫీసులో అందరి ఫోన్లూ అడుక్కుని చూశాను. ఒక బ్రౌజర్లో బటన్ బతికితే ఇంకోదాంట్లో బట్టలు ఎప్పటికి కావాలో నింపే తేదీ గడి చచ్చేది. తేదీ లేస్తే బటన్ మాయమయ్యేది. నెల గడిచిపోయింది. చివరికి అన్నిట్లోనూ పనిచేసింది. అంతలోనే ఒక ఆర్డర్! కొలతలు కూడా మనిషివే! ఇంటికి పరుగెత్తాను.

"వచ్చిందే! అసలైన ఆర్డర్ వచ్చింది!"

మిషన్ ఉండే మూల ఖాళీగా ఉంది. మా ఆవిడ దారపు ముక్కలు ఊడుస్తోంది.

"తెలుసు. నేనే పెట్టాను."

"నువ్వా!"

"రోజూ దిగులుగా తిరిగే మీ మొహం చూడలేక పెట్టాను. పొద్దున మిషన్ ఇచ్చేశాను. మధ్యాహ్నం అక్క బటన్ సంగతి చెప్పింది." చీపురు ఆగింది. "నా చేతిలో పనితనమే లేదని ఇన్నాళ్లూ కుమిలిపోయాను. ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయేదండీ?"

సిగ్గుతో చచ్చిపోయాను. చీపురు అందుకోబోతే ఇవ్వలేదు.