కణంగారి కాలింగ్ బెల్లు

సర్వోత్తమరావు నెత్తుట్లో ఒక ఆఫీసు నడుస్తోందని, అందులో వయసు మళ్లిన తెల్లకణాలు రిటైరవడం మానేశాయని మంగళవారం తేలింది. కాకినాడలో ఇలాంటివి వింత కాదు గనుక సహకార శాఖలో సూపరింటెండెంటైన అతను సెలవు పెట్టి, భార్య సువర్చలతో ఆసుపత్రికి వెళ్లాడు.

"దీర్ఘకాలిక లుకేమియా అంటే దీర్ఘకాలిక సర్వీసేనండీ," అంటూ డాక్టర్ నస్రీన్ మైక్రోస్కోపు చూపించింది.

ప్రతి కణం ఒంటిమీదా రిసెప్టర్ అనే కాలింగ్ బెల్లుంది. బయటి క్రిమి వచ్చి నొక్కితే కణం పనికి లేవాలి. ఎవరూ నొక్కకపోతే మర్యాదగా పోవాలి. ఇక్కడ క్రిమీ లేదు, కీటకమూ లేదు. ఎముకల మజ్జలో మజా మరిగిన కణం తన బెల్లు తనే నొక్కుకుంటోంది. మోగింది గనుక పనుంది, పనుంది గనుక పొడిగింపు ఉంది. కుర్ర కణాలు కుర్చీల్లేక గుమ్మంలో నిలబడ్డాయి.

పట్టుబడ్డ తెల్లకణం ఏమీ తెల్లబోలేదు. "తమరూ ఎక్స్‌టెన్షన్ మీదే ఉన్నారు గదండీ. ఎవరూ రానిరోజున ఊరికే బెల్లు కొడతారు. తమరి దగ్గరే నేర్చుకున్నాం," అంది.

సర్వోత్తమరావు కొంచెం పొంగిపోయాడు.

"ఇలాగే వదిలేస్తే ఏమవుతుందమ్మా?" అని డాక్టర్ని అడిగింది సువర్చల.

"కాపలా కాసేవాళ్లుండరు. మామూలు జలుబొచ్చి మనిషిని పట్టుకుపోవచ్చు. బెల్లు వైరు తెంపే మాత్రుంది, రోజూ వేసుకోవాలి."

"పాపం, వాళ్ల సర్వీసు..." అన్నాడు సర్వోత్తమరావు.

"మీరేవన్నా వాళ్ల యూనియన్ లీడరా? మింగండి," అంది సువర్చల.

మింగాడు. కొన్నాళ్లకి ఆ కణాలు చేరి మెడమీద కట్టిన గడ్డలు కరిగాయి గానీ, రక్తపరీక్షలో తెల్లకణాలు మునుపటికంటే ఎక్కువున్నాయి.

"గడ్డల గదుల్లోంచి రక్తం వరండాలోకొచ్చాయి, అంతే. కంగారు పడకండి," అంది డాక్టర్.

"ఎప్పుడు పోతాయండీ?"

"కొన్ని పోతాయి, కొన్ని ఉంటాయి. అవి ఏ పనీ చెయ్యకుండా ఉంటే మీరు బతుకుతారు."

మర్నాడు అతను ఆఫీసుకి వెళ్లేసరికి సిబ్బందంతా వరండాలో పచార్లు చేస్తున్నారు. లోపల ఏ గదిలోనూ బెల్లు మోగడం లేదు. అటెండరు సత్తెమ్మ కాఫీతోపాటు చిన్న మాత్ర ఒకటి అందించింది.

"ఇదేంటే సత్తెమ్మా?"

"పైనుంచొచ్చిందండి. అందరికీ ఇస్తన్నారు. పైనెవరికో ఒంట్లో బాగోలేదంటండి."

సర్వోత్తమరావు మాత్ర మింగి, కాఫీ తాగి, వరండాలో ఎండ పడని చోటు చూసుకుని నిలబడ్డాడు.