మామగారు సరిచేసిన మసక

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం సాదాసీదాది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అయస్కాంత సుడులను డైరెక్టరుగారికి చూపించాలి, ఉద్యోగం మరో ఏడాది నిలుపుకోవాలి, ఇంటికెళ్లి ఆదమరిచి నిద్రపోవాలి. ఇంట్లో తోచక వెంటపడి వచ్చిన మామగారిని ఈ పథకంలో ఎక్కడ ఇరికించాలో మాత్రం తెలియలేదు. ఆయన జీవితమంతా ఫొటో స్టూడియో నడిపిన మనిషి. మసక బొమ్మ కంటపడితే ముద్ద మింగుడుపడదు.

లోహపు పొరలో కంటికి ఆనని సుడులు తెరమీద బారులు తీరాయి.

"వీటికోసమేనా తిండీ తిప్పలూ మానేశావు?" అన్నారు మామగారు.

"వీటికోసమే మామయ్యా. డైరెక్టరుగారు వచ్చారేమో కింద చూసొస్తాను. మెషిన్ మాత్రం ముట్టుకోకండి."

"నేనేమైనా చంటిపిల్లాణ్ణా? వెళ్లిరా."

కింద ఆయన జాడ లేదు. మెట్లెక్కి తిరిగొచ్చేసరికి తెర కడిగినట్టుంది. ఒక్క సుడీ లేదు.

"ఎవరైనా వచ్చారా మామయ్యా?"

"ఈగ కూడా రాలేదు."

దగ్గర్లో బలమైన అయస్కాంతం ఉంటే ఆ సుడులు చెరిగిపోతాయి. గోడ అవతల లిఫ్టు మోటారుంది. ఇంకేముంది, దొంగ దొరికాడనుకుంది. కాపలాదారుకు ఫోన్ చేసి లిఫ్టు తక్షణం ఆపమంది. అతను మాట జవదాటే రకం కాదు.

"ఆపేశానమ్మా. లోపల డైరెక్టరుగారున్నారు."

"అయ్యో, తలుపు తెరవండి!"

"రెండంతస్తుల మధ్య ఉన్నారమ్మా. తెరిస్తే గోడే."

కోడలు కుర్చీలో కూలబడింది. "నా ఉద్యోగం ఊడింది మామయ్యా!"

"ఊరుకోమ్మా. బొమ్మ ఇప్పుడే కదా బాగుంది. ఇందాక ఒకటే మసక. పెద్దాయన ముందు మన పరువేం కావాలని నేనే సరిచేశాను."

"మెషిన్ ముట్టుకోవద్దన్నాను కదా!"

"మెషిన్ జోలికెక్కడ వెళ్లాను? ఈ నాబ్ ఒక్కటే తిప్పాను."

ఏడవాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు. "ఫోకస్ కాస్త తప్పిస్తేనే ఇవి కనిపిస్తాయి మామయ్యా. సరిగ్గా పెడితే మాయం!" అంటూ నాబ్ వెనక్కి తిప్పింది. సుడులన్నీ బుద్ధిగా తిరిగొచ్చాయి. జీవితమంతా నేర్చిన విద్య ఒక్క మాటతో తలకిందులైనట్టు మామగారు నోరు తెరిచి ఉండిపోయారు.

ఆమె కాపలాదారుకు ఫోన్ చేసి లిఫ్టు మళ్లీ నడపమంది. కాసేపటికి చెమటలు కక్కుతూ డైరెక్టరుగారు ఊడిపడ్డారు. ఆయన జమాఖర్చుల విభాగం నుంచి పైకొచ్చిన మనిషి.

"లిఫ్టు ఆపిందెవరు?"

ఆయన తెర చూసి మొహం చిట్లించారు. "ఛీ, ఇంత మసకా! ఫోకస్ పెట్టడం కూడా చేతకాదా?" అంటూ నాబ్ మీద చెయ్యి వేశారు.

మామగారు ఆ చెయ్యి ఒడిసిపట్టుకున్నారు. "తియ్యండి చెయ్యి! ఫోకస్ పెడితే సుడులు పోతాయి. ఆ మాత్రం తెలీదా మీకు?"

కోడలు కళ్లు మూసుకుంది.

డైరెక్టరుగారు చెయ్యి నెమ్మదిగా విడిపించుకుని గొంతు సవరించుకున్నారు.

"నాకు తెలుసు. మీకు తెలుసో లేదోనని చూశాను. సరే, మరో ఏడాది పని చేసుకోండి. ఈ పెద్దమనిషిని మాత్రం మెషిన్ దగ్గరే ఉంచండి."

ఆ సాయంత్రం మామగారు మర్నాటికి చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు.