దేవసహాయంగారు ఓనరైన వారం

ఉద్యోగం పోవడం దురదృష్టమే, కాదనం. కానీ ఉద్యోగం పోకుండా, ఉద్యోగి అనే పేరొక్కటే పోవడం ఉంది చూశారూ, అది మనిషికి జన్మకోసారి పట్టే మహాభాగ్యం! నమ్మకం లేకపోతే దేవసహాయంగారిని చూడండి.

ముమ్మిడివరం దగ్గర ఓ రొయ్యల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా ఆయన కోల్డ్ రూమ్ ఆపరేటర్. రోహిణీ కార్తె ఎండలో కూడా స్వెట్టర్ పట్టుకుని పనికి బయల్దేరే మనిషి కోనసీమ మొత్తం మీద ఆయనొక్కడేనని పేటలో చెప్పుకుంటారు. అలాంటి ఆయన్ని ఒక శుక్రవారం హెచ్ఆర్ మేనేజర్ శ్యామ్ సుందర్ తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆ గదిలో దేవసహాయంగారు కూర్చోవడం అదే మొదటిసారి. అప్పుడే అనుమానించాల్సింది. అనుమానించలేదు.

"కంగ్రాచ్యులేషన్స్ అండీ! ఇవాళ్టి నుంచి మీరు మా ఉద్యోగి కారు, మా బిజినెస్ పార్ట్‌నర్. మీరే ఒక కంపెనీ, దానికి మీరే ఓనరు!"

ఆరు పేజీల ఇంగ్లీషు కాగితం. శ్యామ్ సుందర్ మొదటి పేజీలో మొదటి పేరా చదివి వినిపించాడు. మిగతా పేజీల్లో సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి మరీ చూపించాడు. ఇంతకన్నా మర్యాద ఎవరు చేస్తారు?

ఆ ఆదివారమే చర్చిలో ప్రకటన. దేవసహాయంగారు ఓనరైన సందర్భంగా వచ్చే శనివారం సాయంత్రం వారింట్లో కృతజ్ఞతా కూడిక, అందరూ రావాలి! ప్రమోషన్ వచ్చినా, పరీక్ష పాసైనా, గల్ఫ్ వీసా చేతికందినా ఇంట్లో కూడిక పెట్టి దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడం ఆ పేటలో రివాజు. చర్చిలో ప్రకటించిన కూడికని మానుకోవడం మాత్రం ఎవరూ ఎరగరు.

సోమవారం తెల్లవారగానే ఫ్యాక్టరీ బస్సు ఆయన్ని చూసి కూడా ఆగకుండా వెళ్లిపోయింది. నిజమే కదా! స్టాఫ్ బస్సులో ఓనరు వేలాడితే ఏం బాగుంటుంది? ఆటోలో ఏడుగురి మధ్య ఇరుక్కుని వెళ్లారు. గేటు దగ్గర మాత్రం పాత వేలిముద్రే, పాత ఆరింటి షిఫ్టే, నాలుగు నిమిషాలు లేటైతే పాత తిట్లే. హోదా పెరిగిందని పాత అలవాట్లు వదులుకోకూడదని కంపెనీ ఉద్దేశం కాబోలు.

మంగళవారం క్యాంటీన్‌లో టీ అడిగితే "స్టాఫ్‌కేనండి" అన్నారు. ఆ గడ్డకట్టే గదిలోంచి బయటికి రాగానే వేడి గ్లాసు పట్టుకుని వేళ్లు కాచుకోవడం ఆయనకి పద్దెనిమిదేళ్ల అలవాటు. ఆ రోజు చేతులు చంకల్లో పెట్టుకుని కాచుకున్నారు. ఖర్చు లేని పద్ధతి! ఇన్నేళ్లూ తట్టనే లేదు!

బుధవారం సెలవు సంగతి తేలింది. సరిగ్గా వారానికి ఆయన భార్య కృపమ్మకి కాకినాడలో ఆపరేషన్, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. సెలవు చీటీ రాసి ఇస్తే "ఓనర్లకి సెలవులేమిటండీ!" అని చీటీ తిరిగి ఇచ్చేశారు. రాని రోజుకి డబ్బులుండవు, అంతే. ఎంత తేలిక చేసేశారో చూశారా?

రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, ఇవన్నీ ఓనర్లకుండే మామూలు ఇబ్బందులేనని కృపమ్మకి చెప్పేవారు. ఆవిడ డొక్కలో చెయ్యి అదుముకుని "ఆయ్" అనేది. ఆ చెయ్యి చూసినప్పుడల్లా ఆయనకి భయం వేసేది. ఆపరేషన్ ఖర్చుకి కంపెనీ హెల్త్ కార్డు ఉందిగా అని సర్దిచెప్పుకునేవారు.

శనివారం వాకిట్లో షామియానా, నలభై కుర్చీలు, వెనక బిర్యానీ వాసన. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? శ్యామ్ సుందరే! పాస్టర్‌గారి పక్కన కుర్చీ వేశారు. పాటలయ్యాక పాస్టర్‌గారు ప్రార్థనా మనవులు చెప్పమన్నారు. స్త్రీల సమాజం సెక్రటరీ లిడియా మినిట్స్ పుస్తకం తెరిచింది.

కృపమ్మ లేచింది. "బుధవారం నాకు ఆపరేషనండి. కంపెనీ వారి కార్డు మీద చేస్తామన్నారండి. ఆ కంపెనీని, ఈ బాబుగారిని దేవుడు చల్లగా చూడాలని ప్రార్థన చెయ్యండి."

శ్యామ్ సుందర్ కూల్‌డ్రింకు కింద పెట్టేశాడు. పాపం, మనిషి చెడ్డవాడు కాడు. "అమ్మా, ఆ కార్డు స్టాఫ్‌కేనండీ. పార్ట్‌నర్లకి ఉండదు. అయిదో పేజీలో రాసేరు."

కృపమ్మ నిలబడే ఉంది, కూర్చోవాలని తోచలేదు. ఆవిణ్ణి అలా చూసేసరికి దేవసహాయంగారికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"అయితే బాబుగారూ, సోమవారం నుంచి నేను రానండి. నా కంపెనీకి నేనే సెలవిచ్చేసేను. డబ్బుకి తిరగాలి, ఆవిణ్ణి కాకినాడ తీసుకెళ్లాలి."

"అదెలా కుదురుతుంది దేవసహాయం!" శ్యామ్ సుందర్ గభాల్న లేచాడు. 'గారూ' లేదు, 'అండీ' లేదు. "పర్మిషన్ లేకుండా మానేస్తే షోకాజ్ నోటీసు వస్తుంది! ఉద్యోగి అన్నాక డిసిప్లిన్ ఉండొద్దా?"

నలభై కుర్చీలకీ వినపడింది. తనన్న మాటేమిటో శ్యామ్ సుందర్‌కి తట్టేసరికి లిడియా దాన్ని తేదీతో సహా పుస్తకంలో ఎక్కించేసింది. కూడికకి వచ్చినవాళ్లంతా అందులో సంతకాలు పెట్టడం ఎప్పుడూ ఉన్నదే. ఆ సాయంత్రం మాత్రం ఒక్కొక్కరూ చదివి మరీ పెట్టారు.

పాఠకులారా, ఇంత సుఖమైన ఏర్పాటు ఎక్కడైనా చూశారా? బస్సుకీ టీకీ జబ్బుకీ ఆయన ఓనరు. గేటుకీ గంటకీ నోటీసుకీ ఉద్యోగి. అన్నీ ఒక్క మనిషిలోనే సర్దేశారు!

"మరి మనవి ఎలా రాయమంటారండి?" అని లిడియా మెల్లగా అడిగింది.

"ఆపరేషన్ సంగతి అలాగే ఉంచమ్మా. దాని కింద, మా ఆయనకి ఉద్యోగం రావాలని రాయి," అంది కృపమ్మ.

"గల్ఫ్‌లోనా అండీ?"

"కాదమ్మా. పద్దెనిమిదేళ్ల నుంచి రోజూ వెళ్తున్నారు చూడు, ఆ ఉద్యోగమే."